ఫైనల్ ఇన్‌స్పెక్షన్ అయ్యాక డెక్ కట్టుకోవచ్చా?

ప్రశ్న: టెక్సాస్‌లో, డల్లాస్‌కు ఉత్తరాన కొత్త కమ్యూనిటీలో ఇల్లు కట్టించుకున్నాం. ఫైనల్ ఇన్‌స్పెక్షన్ అయింది, తాళాలూ ఇచ్చేశారు. వెనక తలుపు బయట చెక్క డెక్ (అరుగులాంటి వేదిక) వేయించాలనుకుంటున్నాం. "ఇన్‌స్పెక్షన్ అయిపోయింది కదా, ఇక పర్మిట్ అక్కర్లేదు" అంటున్నాడు కాంట్రాక్టర్. రెండు నెలల్లో అమ్మానాన్న వస్తున్నారు, ఈలోపే పూర్తిచేయాలని ఉంది. అతని మాట నమ్మొచ్చా?

జవాబు: నమ్మకండి. ఫైనల్ ఇన్‌స్పెక్షన్‌తో ముగిసింది బిల్డర్ తీసుకున్న పర్మిట్ మాత్రమే. ఆ ప్లాన్‌లో లేని డెక్ కొత్త కట్టడం కిందికే వస్తుంది.

టెక్సాస్ నగరాలు ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ అనే ఇళ్ల నిర్మాణ నియమావళిని పాటిస్తాయి. దాని ప్రకారం పర్మిట్ లేకుండా డెక్ వేసుకోవాలంటే నాలుగు షరతులూ కలవాలి. విస్తీర్ణం 200 చదరపు అడుగులు దాటకూడదు, ఎత్తు నేల నుంచి ఎక్కడా 30 అంగుళాలు మించకూడదు, ఇంటికి బిగించకూడదు, కోడ్ ప్రకారం ఇంటికి తప్పక ఉండాల్సిన, బయటికి వెళ్లే తలుపుకు దారి అదే కాకూడదు. ఈ షరతులను మీ నగరం మార్చుకుని ఉండొచ్చు కాబట్టి బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌కు ఈమెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి. చిరునామాలో ఊరి పేరు ఉన్నంత మాత్రాన మీ ఇల్లు నగర పరిధిలో ఉన్నట్టు కాదు, లేకపోతే ఆ నగరం నియమాలు మీకు వర్తించకపోవచ్చు. ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లులో సిటీ పన్ను ఉందో లేదో చూస్తే తెలుస్తుంది. పర్మిట్ అక్కర్లేకపోయినా, సర్వే కాగితంలో చూపిన యుటిలిటీ ఈజ్‌మెంట్ (గ్యాస్, కరెంటు లాంటి లైన్ల కోసం కేటాయించిన స్థలం) మీద మాత్రం కట్టకండి.

మీ విషయంలో నాకు అసలు భయం హెచ్‌ఓఏ (కమ్యూనిటీలోని ఇళ్ల యజమానుల సంఘం) గురించే. సిటీ పర్మిట్ ఇచ్చినా వాళ్ల అనుమతి వేరుగా తీసుకోవాలి. మామూలుగా అయితే, దరఖాస్తు తిరస్కరిస్తే కారణాలు రాసి ఇవ్వాలని, యజమాని 30 రోజుల్లోపు హియరింగ్ కోరవచ్చని టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 209వ అధ్యాయం చెబుతోంది. కానీ కమ్యూనిటీ ఇంకా డెవలపర్ చేతుల్లో ఉన్నంతకాలం ఆ రక్షణ వర్తించదు. మీది కొత్త కమ్యూనిటీ, అంటే ఆ దశలోనే ఉండే అవకాశం ఎక్కువ. అందుకే ముందు కట్టేసి తర్వాత మాట్లాడుకుందాం అనే ధైర్యం మీకు పనికిరాదు. కొలతలతో డ్రాయింగ్ పెట్టి, రాతపూర్వక అనుమతి వచ్చాకే పని మొదలుపెట్టండి.

డెక్‌ను ఇంటి గోడకు బిగించనివ్వకండి. అక్కడి కొత్త ఇళ్లకు బయట కనిపించే ఇటుక చాలావరకు పైపొర మాత్రమే. డెక్ బరువును దాని మీద మోపడాన్ని కోడ్ ఒప్పుకోదు. కింద పోస్ట్‌టెన్షన్ స్లాబ్ ఉంటే దానికి డ్రిల్ వేయడం ఇంకా ప్రమాదం, లోపల బిగించి లాగిన ఉక్కు తీగలుంటాయి. వాటికి దెబ్బ తగిలితే మనుషులకు గాయాలవుతాయి. పైగా యజమాని చేసుకున్న మార్పుల వల్ల వచ్చే నష్టాన్ని బిల్డర్ వారంటీలు సాధారణంగా కవర్ చేయవు. ఇచ్చిన వారంటీ పుస్తకంలో మినహాయింపుల పేజీ ఒకసారి చదవండి.

రేపు ఇల్లు అమ్మేటప్పుడు కూడా ఈ సంగతి బయటికి వస్తుంది. అవసరమైన పర్మిట్ లేకుండా చేసిన మార్పులున్నాయా అని సెల్లర్స్ డిస్‌క్లోజర్ ఫారంలో (ఇంటి గురించి తెలిసిన విషయాలు అమ్మేవాళ్లు రాసిచ్చేది) సూటిగా అడుగుతారు. తెలిసీ లేదని రాస్తే కొన్నవాళ్లు కోర్టుకెళ్లే వీలుంటుంది.

అమ్మానాన్న వచ్చేలోపు కావాలంటే తేలికైన దారి, పై షరతుల్లో ఇమిడేలా, ఇంటికి అంటకుండా సొంత కాళ్ల మీద నిలబడే తక్కువ ఎత్తు డెక్. వారాలు పట్టేది హెచ్‌ఓఏ అనుమతికే కాబట్టి ఆ దరఖాస్తు ఈ వారమే ఇవ్వండి. టెక్సాస్‌లో జనరల్ కాంట్రాక్టర్‌కు రాష్ట్ర లైసెన్స్ అంటూ ఉండదు. కాబట్టి అతని ఇన్సూరెన్స్ కాగితం చూడండి, పర్మిట్ అవసరమైతే తీసుకునే బాధ్యత అతనిదేనని ఒప్పందంలో రాయించుకోండి. ఆ మాట రాయనంటే వేరే కాంట్రాక్టర్‌ను చూసుకోండి. గుంతలు తవ్వడానికి కనీసం 48 గంటల ముందు 811కు ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు.