జాతరకు పిల్లాపాపలతో: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం మేడారం సమ్మక్క-సారలమ్మ జాతర గురించే. సిరిమాను, రొట్టెల పండుగ, ఎగ్జిబిషన్ మీద వచ్చినవీ కొన్ని తీసుకున్నాం.

ప్రశ్న: మా ఇంట్లో నలుగురు పెద్దవాళ్లం, ఐదేళ్ల బాబు, ఎనిమిది నెలల పాప. మా అత్తమ్మకు మేడారం మొక్కు ఉంది. ఏ రోజు పోతే మంచిది? కారులో పోవాలా, బస్సులోనా? (కరీంనగర్)

జవాబు: ముందు ఇంట్లో కూర్చుని ఒక సంగతి తేల్చుకోండి. తల్లులు గద్దెకు (వాళ్లను నిలిపి మొక్కే తిన్నె) వచ్చే ఘట్టాన్ని కళ్లారా చూడాలా, మొక్కు చెల్లిస్తే చాలా? రెండూ ఒకే ప్రయాణంలో పెట్టుకుంటేనే చంటిపిల్లలతో తంటా.

రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి దగ్గర్లో పడే బుధవారం జాతర మొదలవుతుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తుంది. పూనుగొండ్ల నుంచి సమ్మక్క భర్త పగిడిద్దరాజు, కొండాయి నుంచి సారలమ్మ భర్త గోవిందరాజు వస్తారు. గురువారం చిలుకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో సమ్మక్కను తెస్తారు. శుక్రవారం అందరూ గద్దెల మీదే ఉంటారు కాబట్టి మొక్కుల రద్దీ అంతా ఆ రోజే. శనివారం వనప్రవేశం, అంటే తల్లులు తిరిగి అడవికి పోతారు.

వీటిలో గురువారం సాయంత్రం పసిపాపను తీసుకుపోయే సమయం కానే కాదు. సమ్మక్క గుట్ట దిగేటప్పుడు జిల్లా ఎస్పీ గాల్లోకి తుపాకీ పేల్చి స్వాగతం పలుకుతారు. ఆ చప్పుడుతోనే జనం ఒక్కసారిగా ముందుకు తోసుకొస్తారు. ఎదురుకోళ్లు ఎగరేస్తారు, శివసత్తులు (దేవత పూనే భక్తులు) పూనకంతో ఊగుతారు. పెద్దవాళ్లకు అదొక జన్మకు సరిపడా దృశ్యం. భుజం మీద పాప ఉన్న తల్లికి మాత్రం ఊపిరాడదు. ఆ ఘట్టం చూడాల్సిందే అంటే ఇద్దరు పెద్దవాళ్లు మాత్రం పోయి రండి.

మొక్కు ఒక్కటే అయితే జాతరకు వారం పది రోజుల ముందే పోవచ్చు. చాలా కుటుంబాలు చేసేది అదే. అయితే ఆదివారం, బుధవారం వద్దు, ఆ రెండు రోజులూ ముందస్తు మొక్కుల జనం ఉంటారు. సోమ, మంగళవారాల్లో పొద్దున ఎనిమిదిలోపు గద్దెల దగ్గర ఉండేలా బయల్దేరండి. జాతర తర్వాతి బుధవారం తిరుగువారం నాడు కూడా పోవచ్చు, కానీ అప్పటికి దుమ్మూ చెత్తా పేరుకుని ఉంటాయి. పాపకు దగ్గు, ఆయాసం ఉంటే అది మానుకోండి.

జాతర నాలుగు రోజుల్లోనే పోవాలంటే కారు కన్నా ఆర్టీసీ బస్సే నయం. సొంత బండ్ల పార్కింగులు గద్దెలకు కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. బస్సు దాదాపు జాతర నడుమ దాకా పోతుంది. పాపను ఎత్తుకుని మూడు నాలుగు కిలోమీటర్లు నడవడమంటే ఏమిటో తిరుగు ప్రయాణంలో తెలుస్తుంది. కారే అంటారా, ములుగులోనే పెట్రోలు నింపుకోండి. దారిలో గట్టమ్మకు దండం పెట్టుకునే ఆనవాయితీ ఉంది కాబట్టి పిల్లలకు కాళ్లు చాపుకునే విరామం కూడా అక్కడే ఇవ్వండి. పస్రా దాటాక ఇక ఆగే వీలుండదు. పోయే దారి, వచ్చే దారి వేరుగా పెడతారు. అది ప్రతి జాతరకూ పోలీసులు ప్రకటిస్తారు కాబట్టి పోయినసారి దారి గుర్తుంది కదా అని నమ్ముకోవద్దు.

పగలు ఎండ, రాత్రి అడవి చలి. పాపకు మందపాటి స్వెట్టరు ఒకటి కాకుండా పలుచటివి రెండు మూడు పెట్టుకోండి, ఒక్కొక్కటే తీయొచ్చు, వేయొచ్చు. జంపన్న వాగులో స్నానానికి పిల్లల్ని దింపకపోతేనే మంచిది. అడుగున కొబ్బరి చిప్పలు, పగిలిన గాజులు ఉంటాయి. ఒడ్డున నల్లాల వరుసలు ఉంటాయి, వాటి కింద పోయండి. నెత్తిన నాలుగు చుక్కలు చల్లడానికి వాగు నీళ్లు చాలు.

ప్రశ్న: బాబుకు నిలువెత్తు బంగారం (వాడి బరువుకు సరితూగే బెల్లం) మొక్కుకున్నాం. బెల్లం అక్కడే కొనాలా, ఇక్కడి నుంచి తీసుకుపోవాలా? (జనగామ)

జవాబు: బాబు బరువు 15 కిలోలైనా ఆ మూటతో క్యూలో నిలబడటం కష్టం. ఊళ్లోనే బెల్లం దుకాణంలో తూకం వేయించి, పసుపు కుంకుమ పెట్టి, అందులోంచి కొంత మాత్రమే గద్దెకు తీసుకుపోయి, మిగతాది వాడకట్టుకు పంచడం ఎందరో పాటించే పద్ధతి. మొక్కు మాట ఇంటి పెద్దవాళ్లను అడిగి ఖాయం చేసుకోండి. బెల్లం గుడుంబాకు మళ్లకుండా 2024 జాతరప్పుడు కొనేవాళ్ల ఆధార్ వివరాలు తీసుకున్నారు, జిరాక్సు ఒకటి దగ్గర ఉంచుకోండి.

గద్దె దగ్గరికి దిమ్మ దిమ్మగా తీసుకుపోవద్దు. గుప్పెడంత ముక్కలు కొట్టి గుడ్డ సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవరులో బెల్లం చెమ్మగిల్లి జిగురవుతుంది. అందనివాళ్లు వెనక నుంచి బెల్లం, కొబ్బరికాయలు విసురుతారు, జాతరలో తలలు పగిలేది అలాగే. ఎత్తుకున్న పిల్లాడి తల మీ తలకన్నా పైన ఉంటుందని మరవకండి. గద్దె దగ్గర చంకలోకి దింపుకుని, తల మీద చెయ్యి అడ్డం పెట్టండి.

ప్రశ్న: జాతరకు వండుకుపోయే పులిహోర మధ్యాహ్నానికే వాసన వస్తోంది. ఏం తప్పు చేస్తున్నాం? (గుంటూరు)

జవాబు: తొంభై పాళ్లు, వేడిగా ఉండగానే మూత పెట్టారు. ఆవిరి మూతకు పట్టి, నీళ్లై అన్నంలోకి దిగుతుంది. అక్కడి నుంచే పాడవడం మొదలు.

అర కిలో బియ్యానికి 75 గ్రాముల చింతపండు, 100 మిల్లీలీటర్ల నూనె పెట్టుకోండి. ఆరుగురికి ఒక పూటకు కాస్త తక్కువే వస్తుంది, పక్కన అరటిపళ్లు ఉంటే సరిపోతుంది. అన్నం పలుకుగా వండి, వెడల్పు పళ్లెంలో పరిచి, రెండు చెంచాల నూనె, పసుపు కలిపి పూర్తిగా ఆరనివ్వండి. పులుసు నూనె పైకి తేలేదాకా ఉడకాలి. నీళ్లగా ఉండగా దించితే పులిహోర నిలవదు. నిమ్మకాయతో చేసింది అంతసేపు ఆగదు. పచ్చి కొబ్బరి, ఉల్లిపాయ ప్రయాణంలో వద్దు. కొబ్బరి పచ్చడి అసలే వద్దు.

దద్ధ్యోజనానికి ఒక చిట్కా. తెల్లవారుజామున గ్లాసు బియ్యం అన్నాన్ని మెత్తగా మెదిపి, ఆరాక, రెండు గ్లాసుల గోరువెచ్చని పాలు, రెండు చెంచాల పెరుగు కలిపి పెట్టండి. దారిలోనే తోడుకుని మధ్యాహ్నానికి కమ్మగా ఉంటుంది. ఇంట్లోనే పెరుగుతో కలిపేస్తే అదే వేళకు పుల్లబడుతుంది. ఉప్పు తినే ముందు వేసుకోండి.

పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే వెంటనే ఓఆర్ఎస్. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, కాబట్టి కంటి అందాజు పనికిరాదు.

ప్రశ్న: జనంలో పిల్లలు తప్పిపోతే? ఫోన్లు కూడా పనిచేయవంటారు. (ఖమ్మం)

జవాబు: సిగ్నల్ ఉన్నా కాల్ కలవదు. మెసేజ్ ఒక్కోసారి పోతుంది. అందుకే కలుసుకునే చోటు ముందే అనుకోవాలి. బెలూన్ల బండి, చెరుకురసం బండి గుర్తుగా పెట్టుకోవద్దు, గంటకు ఒక చోట ఉంటాయి. వాటర్ ట్యాంకు, సెల్ టవరు, నంబరున్న కరెంటు స్తంభం లాంటి కదలనివే చూడండి.

బాల్‌పెన్నుతో చేతి మీద రాసిన నంబరు చెమటకు పోతుంది. కాగితం మీద పేరు, ఊరు, మండలం, ఇద్దరి నంబర్లు రాసి, రెండు వైపులా టేపు అంటించి, చొక్కా లోపలి వైపు పిన్నీసుతో గుచ్చండి. బయల్దేరే ముందు అవే బట్టల్లో ఒక ఫొటో తీయండి. మైకులో చెప్పించాలన్నా, పోలీసులకు చూపాలన్నా ‘నీలం చొక్కా అనుకుంటా’ అంటే కుదరదు కదా. అన్నిటికన్నా ముఖ్యం, అమ్మ పేరు ఏమిటంటే ‘అమ్మ’ అని చెప్పే పిల్లలే ఎక్కువ. వారం ముందు నుంచే అసలు పేర్లు నేర్పండి.

ప్రశ్న: సిరిమానోత్సవం పిల్లలకు దగ్గర నుంచి చూపించాలంటే ఎక్కడ నిలబడాలి? (శ్రీకాకుళం)

జవాబు: దగ్గర అవసరమే లేదు. విజయదశమి తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి పూజారి సిరిమాను (పొడవాటి చింతమాను) చివరన కూర్చుని, మూడు లాంతర్ల దగ్గరి గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతారు. చింతమాను పొడవు వల్ల ఆయన జనం తలలకు ఎంతో ఎత్తున ఉంటారు. నాలుగు అడుగులు వెనక్కి ఉన్నవాళ్లకే బాగా కనిపిస్తారు. ముందు వరుసలో మెడ నొప్పి, పైన జనం విసిరే అరటిపళ్లు! మొదటిసారి కనపడకపోతే కంగారు పడకండి, మళ్లీ వస్తారు. వీలైతే తెలిసినవాళ్ల మేడ చూసుకోండి, పిట్టగోడ నడుము ఎత్తు లేకపోతే మాత్రం ఎక్కవద్దు.

ప్రశ్న: నాంపల్లి ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ఏ వయసు పిల్లలు ఎక్కొచ్చు? (హైదరాబాద్)

జవాబు: వయసు కన్నా తొట్టిలో కూర్చున్నప్పుడు అడ్డకడ్డీ పిల్లాడికి ఎక్కడ వస్తుందో చూడండి. కడ్డీ కింద నుంచి జారిపోయేంత చిన్నవాడైతే వద్దు. ఆడపిల్లల జడ ముడి వేసి, చున్నీ బ్యాగులో పెట్టించాకే ఎక్కించండి. జుట్టు, బట్ట తిరిగే భాగాల్లో చిక్కడమే ఘోర ప్రమాదాలకు కారణం. తిండి తిన్న గంటలోపు ఎక్కిస్తే పక్కవాళ్లకూ కష్టమే.

జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది కాబట్టి ఆదివారమే పోవాలని లేదు. మొదటి వారం కొన్ని దుకాణాలు సర్దుకుంటూ ఉంటాయి. మెట్రోలో గాంధీభవన్ స్టేషన్‌లో దిగితే మైదానం పక్కనే.

ప్రశ్న: నెల్లూరు రొట్టెల పండుగకు మొదటిసారి వెళ్తున్నాం. రొట్టె మేమే చేసుకుపోవాలా? (ఒంగోలు)

జవాబు: అక్కర్లేదు. కోరిక తీరినవాళ్లు ఆ కోరిక పేరుతో రొట్టె తెస్తారు. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో నిలబడి ‘చదువు రొట్టె’, ‘ఆరోగ్య రొట్టె’, ‘ఉద్యోగ రొట్టె’ అని పిలుస్తుంటారు. మీకు కావలసింది అడిగి తీసుకుని అక్కడే తినండి. కోరిక నెరవేరాక అదే పేరుతో రొట్టె చేసుకొచ్చి మరొకరికి ఇవ్వాలి. ఏ మతం వాళ్లైనా వస్తారు. మొహర్రం నెలలో జరుగుతుంది, ఏటా సుమారు 11 రోజులు ముందుగానే వస్తుంది కాబట్టి పోయిన ఏడాది తేదీ చూసి రైలు టికెట్ కొనకండి. చెరువు మెట్లు పాచి పట్టి ఉంటాయి. పిల్లల్ని ఒడ్డునే ఉంచి, ఒకరు దిగి రొట్టె తెచ్చినా తప్పు లేదు. మార్చుకోవడానికి పొడి బట్టలు మాత్రం అందరికీ ఒక జత పెట్టుకోండి.