అనుమతులు ఎన్నో, వంక ఒక్కటే

ప్రశ్న: తాడిపత్రి దగ్గర మా చీనీ తోటకు అర కిలోమీటరు దూరంలో బండల పాలిష్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. అక్కడి తెల్ల బురదను రాత్రిపూట ట్రాక్టర్లలో తెచ్చి వంకలో పోస్తున్నారు. ఎండితే అది పిండిలా లేచి ఆకుల మీద పేరుకుంటోంది. అడిగితే అనుమతులన్నీ ఉన్నాయంటున్నారు. లాభమే పరమార్థమైన పెట్టుబడిదారీ వ్యవస్థను ప్రభుత్వ నియంత్రణ కట్టడి చేయగలదా?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: కొన్నిచోట్ల చేసింది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 నాటికి బంకుల నుంచి పోయింది. ఓజోన్ పొరను తినే సీఎఫ్‌సీ వాయువుల తయారీని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం క్రమంగా మాన్పించింది. అక్కడ తయారీదారులు కొద్దిమందే, ప్రత్యామ్నాయమూ దొరికింది, తనిఖీ ఏ గేటు దగ్గర చేయాలో అధికారులకు తెలుసు.

మీ వంక సంగతి వేరు. బండను నునుపు చేసేటప్పుడు వదిలే నీటిలో రాతిపొడి కలిసి బురదవుతుంది. దాన్ని తొట్లలో తేర్చి, నీటిని మళ్లీ వాడుకుని, మిగిలిన మడ్డిని కేటాయించిన చోటికి మోయించాలంటే డీజిలు ఖర్చు, కూలి ఖర్చు యజమానివి. వంకలో పోస్తే ఆ ఖర్చు మీ తోట భరిస్తుంది. పక్కవాళ్లు వంకలో పోస్తుండగా తానొక్కడే దూరం మోయించే యజమాని ధరలో నిలబడలేడు కాబట్టి, మంచితనాన్ని నమ్ముకుని లాభం లేదు. (పెట్టుబడిదారులే లేని సోవియట్ యూనియన్ పత్తి సాగుకు నదులు మళ్లించి ఆరల్ సముద్రాన్ని ఎండగట్టిన సంగతి కూడా మరవకూడదు.)

చట్టాలకు కొదవ లేదు. నీటి కాలుష్య చట్టం 1974లో, భోపాల్ విషవాయువు దుర్ఘటన తర్వాత పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లో వచ్చాయి. ఈ రెండో చట్టాన్ని మీరితే అయిదేళ్ల దాకా జైలు అని ఉండేది. 2023 నాటి జన్ విశ్వాస్ చట్టం దాని స్థానంలో 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టింది. మడ్డిని మోయించే ఖర్చు కంటే జరిమానా తక్కువైతే అది యజమాని పద్దుల పుస్తకంలో మరో పద్దు, అంతే.

అంతకంటే పెద్ద లోపం, అనుమతి ఒక్కో ఫ్యాక్టరీకి విడిగా ఇస్తూ వంక మొత్తంగా ఎంత మోయగలదో లెక్క కట్టకపోవడం. మన పొరుగున బళ్లారిలో సుప్రీంకోర్టు 2011లో ఇనుప ఖనిజం తవ్వకాలను ఆపించి, 2013లో ఘోరంగా నిబంధనలు మీరిన లీజులను రద్దు చేసి, జిల్లా మొత్తానికి ఏడాదికి రెండున్నర కోట్ల టన్నుల పరిమితి విధించింది. నియంత్రణ పళ్లు చూపించింది అప్పుడే, అదీ కోర్టు పూనుకుంటేనే.

ఫ్యాక్టరీల అనుమతి పత్రాల్లో మడ్డి ఎక్కడ వేయాలని రాశారో సమాచార హక్కు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలిని అడగండి. ట్రాక్టర్లు వచ్చిన తేదీ, వేళ ఫొటోలతో రాసిపెట్టుకుని, వంక పొడవునా ఉన్న రైతులందరి సంతకాలతో ఒకే ఫిర్యాదు ఇవ్వండి. అక్కడ కదలిక లేకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ ఉంది. వివాదం మొదలైన ఆరు నెలల్లోగా దానికి వెళ్లాలి, నష్టపరిహారం కోసమైతే అయిదేళ్ల గడువు ఉంటుంది.