చందానగర్ నుంచి సీతాఫల్‌మండికి రోజూ ఎంఎంటీఎస్‌లో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చండి. కాకపోతే హైదరాబాద్ లోకల్ రైలైన ఈ ఎంఎంటీఎస్‌ను మెట్రోలాంటిదే అనుకుని ఎక్కితే మొదటి వారంలోనే విసుగొస్తుంది. చందానగర్‌లో ఇల్లు చూశామని, ఉద్యోగం సీతాఫల్‌మండిలో అని, రోజూ ఈ రైలును నమ్ముకోవచ్చా అని అడిగారు. నేను 2009 నుంచి ఆరేళ్లు హఫీజ్‌పేటలో ఎక్కి విద్యానగర్‌లో దిగేవాణ్ణి. మీ దారే, మీరు దిగేచోటికి ఇంకో మూడు స్టేషన్లు అవతల.

ముందు ఒక సంగతి అర్థం చేసుకోవాలి. మెట్రోకి దాని పట్టాలు దానికున్నాయి. ఎంఎంటీఎస్ అద్దెకున్నట్టే. లింగంపల్లి నుంచి సికింద్రాబాద్ దాకా మీరు వెళ్లేది 1874లో నిజాం డబ్బుతో వేసిన సికింద్రాబాద్–వాడి లైను మీద. బొంబాయి–మద్రాసు దారిలో ఉన్న వాడి జంక్షన్‌కు హైదరాబాద్‌ను కలపడానికి వేసిన లైను అది. ఊళ్లో జనం ఆఫీసులకు వెళ్లిరావడానికి వేసింది కాదు. ఇప్పటికీ ముంబై వైపు ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బళ్లు అన్నీ దాని మీదే. సికింద్రాబాద్‌లో కాజీపేట వైపు నుంచి వచ్చేవి, కాచిగూడ వైపువి, నాంపల్లివి అన్నీ కలుస్తాయి. ప్లాట్‌ఫాం ఖాళీ లేకపోతే లోకల్‌ను ఔటర్‌లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, నిలబెట్టాల్సిందే. టైంటేబుల్‌కు పది, పదిహేను నిమిషాలు కలుపుకుని బయల్దేరే అలవాటు చేసుకుంటే గొడవ ఉండదు.

సికింద్రాబాద్ దాటాక కథ వేరు. సీతాఫల్‌మండి, కాచిగూడ, ఫలక్‌నుమా మీదుగా వెళ్లేది ఒకప్పటి మీటర్ గేజ్ లైను, అంటే పట్టాల మధ్య వెడల్పు తక్కువ. తర్వాత వెడల్పు పెంచి బ్రాడ్ గేజ్ చేశారు కాబట్టే ఈ చివర నుంచి ఆ చివరకు బండి మారకుండా వెళ్లగలుగుతున్నాం. కొత్తగా లైను వేయకుండా ఉన్న పట్టాల మీదే లోకల్ నడపాలన్నది రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే కలిసి వేసుకున్న ప్లాను. 2003 ఆగస్టు 9న అప్పటి ఉప ప్రధాని అద్వానీ జెండా ఊపారు. ఖర్చు తగ్గింది, పని తొందరగా అయింది. ఔటర్‌లో నిలబడ్డప్పుడు మనం కట్టేది ఆ పొదుపు తాలూకు వడ్డీయే. నాకైతే అది మంచి బేరమే అనిపిస్తుంది.

ఇక మీరు జాగ్రత్తగా చూసుకోవాల్సింది రైలు మీద రాసే అక్షరాలు. ఎల్‌ఎఫ్ అంటే లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా, అది మీది. ఎల్‌హెచ్ అంటే లింగంపల్లి నుంచి హైదరాబాద్, అంటే నాంపల్లి. బేగంపేట దాకా రెండూ ఒకటే దారి, తర్వాత చీలిపోతాయి. చేరిన కొత్తలో ఒకరోజు ఫోన్ మాట్లాడుతూ వచ్చిన బండి ఎక్కేశాను. బేగంపేట దాటాక తలెత్తి చూస్తే ఏదో తేడాగా ఉంది. రోజూ కుడివైపు కనిపించే హుస్సేన్‌సాగర్ ఆ రోజు ఎడమవైపు ఉంది! ఏమిటా అనుకునేలోపు నెక్లెస్ రోడ్ వచ్చేసింది. దిగి, రోడ్డు మీదకొచ్చి, ఆటోవాడు అడిగినంత ఇచ్చి విద్యానగర్ వెళ్లా. నెల పాస్ వల్ల మిగిలిన డబ్బంతా ఆ ఒక్క ఆటోకే పోయింది. తప్పు పూర్తిగా నాదే లెండి, అనౌన్స్‌మెంట్ వినపడుతూనే ఉంది.

డబ్బు విషయంలో దీనికి పోటీ లేదు. కనీస టికెట్ 5 రూపాయలు. రోజూ వెళ్లేవాళ్లు నెల సీజన్ టికెట్ తీసుకోవడమే మేలు. ఫస్ట్ క్లాస్ ధరలు 2022 మేలో బాగా తగ్గించారు, రద్దీ పడనివాళ్లు అదీ చూసుకోవచ్చు. ఫోన్‌లో టికెట్ తీసుకునేటట్లయితే స్టేషన్‌కు రాకముందే తీసుకోండి. పట్టాల పక్కకు వచ్చేశాక యాప్ ఒప్పుకోదు, అప్పుడు స్టేషన్‌లో క్యూఆర్ కోడ్ వెతుక్కోవాలి.

నా రోజులకూ ఇప్పటికీ తేడా ఉంది, అది దాచడం న్యాయం కాదు. కరోనాకు 2020 మార్చిలో ఆగిన బళ్లు 2021 జూన్ 23న గానీ మళ్లీ కదల్లేదు. తిరిగి మొదలయ్యాక సర్వీసులు మునుపటికన్నా తగ్గాయి. రెండో దశలో మేడ్చల్, ఉందానగర్ బళ్లు 2023 ఏప్రిల్‌లో వచ్చాయి, ఘట్‌కేసర్ నుంచి మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లికి వచ్చేది 2024 మార్చిలో. ఈ ఘట్‌కేసర్ బండి సికింద్రాబాద్‌కు వెళ్లదు, కాబట్టి మీకు పనికిరాదు. లింగంపల్లి బోర్డు చూసి సాయంత్రం దాని కోసం ఎదురుచూడకండి.

ఇల్లు ఖాయం చేసేముందు స్టేషన్‌కు నడిచి ఎంతసేపు పడుతుందో ఒకసారి స్వయంగా నడిచి చూడండి. ఆటో ఎక్కాల్సి వస్తే రైలు టికెట్‌కు నాలుగైదింతలు దానికే పోతుంది. పొద్దున మీకు సరిపడే ఎల్‌ఎఫ్ బళ్లు రెండు ఉండాలి, ఒకటి తప్పినా రెండోది ఆఫీసు టైముకు చేర్చేలా. ఒక్కటే ఉంటే మాత్రం ఆలోచించండి. ఆదివారం బళ్లు ఇంకా తక్కువ. అత్యవసరమైతే బేగంపేటలో గానీ భరత్‌నగర్‌లో గానీ దిగితే పక్కనే మెట్రో ఉంది.

సాయంత్రం మాత్రం మీ అదృష్టం బాగుంది. జనం విరగబడేది సికింద్రాబాద్‌లో, మీరు దానికి ముందే ఎక్కుతారు. ఎడమవైపు కిటికీ పట్టుకోండి, జేమ్స్ స్ట్రీట్ దాటాక సాగర్ అటువైపే వస్తుంది.