అత్యాశ కథకు పిడుగు అక్కర్లేదు

అన్నా, మీ కథలో దేవరకొండ దిక్కు బత్తాయి రైతు బోరు మీద బోరు వేయించి, చివరికి పిడుగు పడి చచ్చిపోతాడు. చదివినోళ్లు నీతికథ లెక్క ఉందన్నారని బాధపడ్డారు. తీసేయాల్సింది ఆ పిడుగునే. అతను చేసిన పనికీ, పడ్డ దెబ్బకూ ముడి లేదు.

మొదటి బోరు న్యాయమైనదిగా ఉంచండి: ఎండాకాలం, తోట ఎండుతోంది, పాఠకుడు అతని పక్షాన నిలబడాలి. అసలు కథ రెండో బోరు. తోటకు నీళ్లు సరిపోతున్నా ట్యాంకర్లకు అమ్ముకోవడానికి వేస్తాడు. ఇక్కడే మీరు రెండు లైన్లలో దాటేశారు, కనీసం ఒక పేజీ ఇవ్వండి. బోరుకు అనుమతి తీసుకోవాలనే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం 2002 నుంచే ఉంది కాబట్టి, అనుమతి లేకుండా రాత్రిపూట దొంగచాటుగా బోరు బండి తెప్పిస్తాడు.

మన దగ్గర కింద గట్టి గ్రానైట్ రాయి. నీళ్లు రాతి పగుళ్లలోనే ఉంటాయి. పక్కన లోతుగా దింపితే, అవే పగుళ్లు తగిలినప్పుడు అతని తమ్ముడి బోరు ఎత్తిపోతుంది. ఆ సంగతి ఎవరితోనూ చెప్పించకండి. తమ్ముడి పైపు గాలి కక్కుతూ ఆగి ఆగి పోయడం, ఆకులు ముడుచుకోవడం చూపిస్తే చాలు. బత్తాయి చెట్టు కాపుకొచ్చేసరికి నాలుగైదేళ్లు, చచ్చిన తోట ఒక వానకు తిరిగి రాదు.

మూడో బోరు అప్పు తెచ్చి వేస్తాడు. తడి బురద రాదు, తెల్లటి దుమ్మే లేస్తుంది. అప్పటికి పాత బోరులోనూ నీళ్లు దిగిపోయి, మోటార్ ఉత్తగా తిరిగి వైండింగ్ కాలుతుంది. కథ అక్కడే ఆపండి. ముందు రెండో బోరు సీను తిరగరాసి పెట్టండి, చదివి చెప్తా.