ఈసీజీ నార్మల్ వచ్చినా గుండె భయం పోవడం లేదా?

మీకు 27 ఏళ్లు, బెంగళూరు బెల్లందూరులో ఉద్యోగం. ఎడమవైపు ఛాతీలో సూదితో గుచ్చినట్టు నొప్పి, రాత్రి పడుకోగానే గుండె దడ. ఈసీజీ నార్మల్ అన్నా నిద్ర పట్టడం లేదు, ఇంకా ఏ టెస్టులు చేయించుకోవాలి అని అడిగారు. నేను డాక్టర్ని కాను. ఇదే ఊళ్లో ఇదే భయంతో చాలాకాలం బతికాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందుగా ఒక మాట. "ఈ వయసులో గుండెజబ్బేంటి, అంతా టెన్షన్" అని ఎవరైనా తీసిపారేస్తే వినకండి. మన దేశంలో గుండెపోటు పాశ్చాత్యులకంటే దాదాపు పదేళ్లు ముందే వస్తోందని కార్డియాలజిస్టులే అంటున్నారు. ఒకసారి పద్ధతిగా చూపించుకోవాల్సిందే. ఆ తర్వాత కూడా వారం వారం కొత్త ల్యాబుకి పరిగెత్తడం మొదలుపెడితే మాత్రం భయం తగ్గదు, పెరుగుతుంది.

నాకు ఇది 2021 అక్టోబర్ 29న కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ గుండెపోటుతో పోయినప్పుడు మొదలైంది. 46 ఏళ్లు, రోజూ వ్యాయామం చేసే మనిషి. మారతహళ్లిలో మా పీజీ నడిపేది కడప వాళ్లు, ఉండేదీ ఎక్కువగా మనవాళ్లే. భోజనాల దగ్గర రోజుల తరబడి అదే మాట. జిమ్ మానేసినవాళ్లున్నారు. బన్నేరుఘట్ట రోడ్డులోని జయదేవ గుండె ఆసుపత్రికి చెకప్ కోసం జనం పోటెత్తారు. 2025లో కర్ణాటకలోని హాసన్ జిల్లాలో వరుస గుండెపోటు మరణాల వార్తలు వచ్చినప్పుడూ అదే రద్దీ చూశాం. నాకు అప్పటిదాకా లేని నొప్పి ఆ వారంలోనే మొదలైంది.

నన్ను చూసిన డాక్టరుగారు మొదట "నొప్పి ఎక్కడో చూపించు" అన్నారు. నేను ఒక వేలు పెట్టి చూపించాను. పక్కటెముక వచ్చి రొమ్ము ఎముకను కలిసేచోట ఆయన గట్టిగా నొక్కారు. సరిగ్గా అదే నొప్పి! అక్కడి మృదులాస్థి వాచిందట. రోజంతా ల్యాప్‌టాప్ మీద వంగి కూర్చునేవాళ్లలో ఛాతీ కండరాలు, ఎముకల నొప్పులు మామూలేనన్నారు. గుండె నొప్పి వచ్చినవాళ్లు ఎక్కువగా అరచెయ్యో పిడికిలో ఛాతీ మధ్యలో పెట్టి చూపిస్తారట. అంతమాత్రాన నొక్కితే నొప్పి పుట్టింది కదా అని వదిలెయ్యలేదు. ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) తీయించి, ట్రెడ్‌మిల్ టెస్ట్ కూడా చేశారు. ట్రెడ్‌మిల్ మీద మూడు నిమిషాలకోసారి వేగం, ఎత్తు పెంచుతారు. ఒంటికి వైర్లు తగిలించుకుని ఆయాసపడుతూ నడుస్తుంటే ఎదురుగా తెరమీద నా గుండె గీతలు. అంతసేపు పరిగెత్తించినా ఆ నొప్పి రాలేదు. నాకు ధైర్యం వచ్చింది అప్పుడే. ఈ టెస్ట్ అందరికీ అక్కర్లేదు, మీకు కావాలో వద్దో మీ డాక్టరే చెప్పాలి.

నిజానికి ఆయన నా నొప్పికంటే మా నాన్న సంగతి ఎక్కువ అడిగారు. నాన్నకు 52 ఏళ్లకే స్టెంట్ వేశారు. తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండెజబ్బు వస్తే మనకూ రిస్క్ ఎక్కువని లెక్క. అందుకే బీపీ, షుగర్, లిపిడ్ ప్రొఫైల్‌ (కొలెస్ట్రాల్ పరీక్ష)తో పాటు లైపోప్రోటీన్ ఏ అనే రక్తపరీక్ష కూడా రాశారు. అది వంశపారంపర్యంగా వచ్చేది, మామూలుగా జీవితంలో ఒకసారి చూస్తే చాలు. నాకు ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, ఎక్కువే వచ్చింది. దానికి మందు వాడుతున్నాను. నేను రాత్రిళ్లు భయపడింది ఆ మృదులాస్థి నొప్పికి, పట్టించుకోవాల్సిన ఎల్‌డీఎల్‌కి మాత్రం నొప్పే ఉండదు. మీరు సిగరెట్ తాగేవారైతే అన్నిటికంటే ముందు అది మానండి.

ఇక దడ సంగతి. థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకోండి, రక్తం తక్కువైనా గుండె వేగంగా కొట్టుకుంటుంది. రాత్రి కాల్స్ ముందు తాగే ఫిల్టర్ కాఫీ తగ్గించి చూడండి. చేతికి స్మార్ట్‌వాచ్ ఉంటే పడుకునేముందు తీసెయ్యండి. గుండె వేగం 95 కనబడితే భయమేస్తుంది, ఆ భయానికే 110 అవుతుంది. ఒక బీట్ తప్పినట్టై తర్వాత గట్టిగా కొట్టుకోవడం, ఎకో బాగున్నవాళ్లలో చాలావరకు ప్రమాదం కాదు. తరచూ వస్తుంటే 24 గంటలూ గుండె గీతలు రికార్డు చేసే హోల్టర్ అనే చిన్న యంత్రం పెడతారు.

కానీ ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు పట్టేసి కొన్ని నిమిషాలైనా వదలకపోతే, లేదా అది చెయ్యికో దవడకో వీపుకో పాకుతూ చల్లటి చెమటలు, వాంతి, ఆయాసం వస్తే, గ్యాస్ మాత్ర వేసుకుని కూర్చోకండి. రూమ్మేట్‌ని లేపి 108కి ఫోన్ చేయించండి, మీరే బైకు నడుపుకుంటూ వెళ్లొద్దు. ఆసుపత్రిలో మొదటి ఈసీజీ బాగున్నా, గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేసి, కొన్ని గంటల తర్వాత మళ్లీ చూస్తారు, తొందరపడి ఇంటికి వచ్చెయ్యకండి. పరిగెత్తుతున్నప్పుడు స్పృహ తప్పినా, ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో ఉన్నట్టుండి పోయినా కార్డియాలజిస్టుకి తప్పకుండా చెప్పాలి.

ఇవన్నీ చూపించుకున్నాక కూడా రాత్రయ్యేసరికి చచ్చిపోతానేమో అనిపిస్తుంటే అది పానిక్ కావచ్చు, దానికీ మంచి వైద్యం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నాకు కౌన్సెలింగ్ బాగా పనిచేసింది. మీరు ఇంటికి ఫోన్ చేసి నాన్నగారి వైపు, అమ్మగారి వైపు ఎవరికి ఏ వయసులో గుండెజబ్బు వచ్చిందో అడిగి రాసుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం, పాత ఈసీజీ రెండూ పట్టుకెళ్లండి. ఆ ఈసీజీ నొప్పి ఉన్నప్పుడు తీసిందో లేనప్పుడు తీసిందో కూడా చెప్పండి.