పోపు పడకముందే దాని వాటా తీసి పెట్టండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు కుక్కల తిండి గురించే. ఇంట్లోనే ఏదైనా చేసి పెడదామనుకుంటున్నవాళ్లు, పెట్టాక టెన్షన్ పడుతున్నవాళ్లు, పెట్టాలా వద్దా అని ఇంట్లో గొడవ పడుతున్నవాళ్లు. అందుకే ఈ పేజీ మొత్తం వాళ్లకే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మాకు రెండేళ్ల లాబ్రడార్ ఉంది. పిల్లలు బడి నుంచి రాగానే మారీ బిస్కెట్లు వేస్తారు, వద్దంటే వినరు. షాపులో కుక్కల బిస్కెట్లు కొందామంటే ధర చూసి భయమేస్తోంది, లోపల ఏం కలుపుతారో కూడా తెలియదు. ఇంట్లో చేద్దామంటే ఒవెన్ లేదు. – పాఠకురాలు, హనుమకొండ

ఒవెన్ లేకపోతే వచ్చే నష్టమేమీ లేదు, మందపాటి గిన్నె ఒకటి ఉంటే చాలు. కానీ ముందు లెక్క చూద్దాం. 30 కిలోల పెద్ద కుక్కకు రోజుకు సుమారు 1400 క్యాలరీలు కావాలి. అందులో పదో వంతుకు మించి చిరుతిండి ఉండకూడదని పశువైద్యులు చెప్తారు, అంటే 140. ఒక్కో మారీలో దాదాపు పాతిక క్యాలరీలు ఉంటాయి కాబట్టి ఇద్దరు పిల్లలు చెరో మూడు వేస్తే రోజు కోటా అయిపోయినట్టే, పైగా అది వట్టి మైదా, చక్కెర. లాబ్రడార్‌కు చాలు అనడం రాదు. పక్కల మీద చెయ్యి వేసి మెల్లగా తడిమితే పక్కటెముకలు తగలాలి, తగలకపోతే ఇంట్లో చేసిన బిస్కెట్లు కూడా తగ్గించాల్సిందే.

ఇప్పుడు పని చూద్దాం. కప్పు తైద పిండి, అదే రాగి పిండి, అర కప్పు గోధుమ పిండి, ఉడికించి మెదిపిన గుమ్మడికాయ అర కప్పు, ఒక గుడ్డు. ఉప్పు వద్దు, చక్కెర వద్దు, బెల్లం వద్దు, వంట సోడా అసలే వద్దు. నీళ్లు ముందే పోయకండి, ఒక్కో గుమ్మడికాయలో నీరు ఒక్కోలా ఉంటుంది, కలుపుతుంటే మీకే తెలుస్తుంది. తైద పిండికి సాగే గుణం ఉండదు కాబట్టి ఒత్తేటప్పుడు అంచులు పగులుతాయి, గోధుమ పిండి కలిపేది అందుకే, మరీ పగిలితే ఇంకో రెండు చెంచాలు వేయండి. చపాతీ కన్నా కొంచెం మందంగా ఒత్తి, కత్తితో చిన్న గళ్లుగా గీయండి. గిన్నె అడుగున ఉప్పో ఇసుకో పోసి పది నిమిషాలు వేడెక్కనిచ్చి, లోపల స్టాండు పెట్టి, దాని మీద ఈ ముక్కలు పరిచిన పళ్లెం ఉంచి, మూత పెట్టి సన్న మంట మీద 35, 40 నిమిషాలు వదిలేయండి. తర్వాత మూత తీసి ఇంకాసేపు ఆరనివ్వాలి. ముక్క విరిస్తే టక్కుమనాలి, వంగిందంటే లోపల తడి ఉంది, తడి ఉంటే మన ఎండలకు మూడో రోజే బూజు పడుతుంది. ఎంత బాగా ఎండినా వీటిలో నిల్వ మందులేమీ ఉండవు కదా, డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి వారంలో అవగొట్టండి.

కొందరు ఈ పిండిలో పీనట్ బటర్ కలుపుతారు. సీసా మీద షుగర్ ఫ్రీ అని ఉంటే ముట్టుకోకండి. అలాంటి కొన్నింటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం వేస్తారు, మనకు ఏమీ కాదు గానీ కుక్క ఒంట్లో అది ఇన్సులిన్‌ను ఒక్కసారిగా పెంచి రక్తంలో చక్కెరను పడగొడుతుంది, ప్రాణం మీదకు వస్తుంది. అంతకన్నా ఇంట్లో పల్లీలు వేయించి పొట్టు తీసి, ఒక చెంచా పొడి వేస్తే సరిపోతుంది.

పిల్లల సంగతంటారా, పొద్దున్నే ఒక చిన్న గిన్నెలో ఆ రోజుకు ఇవ్వాల్సిన ముక్కలు లెక్కపెట్టి పోసి వాళ్ల చేతికే ఇవ్వండి, గిన్నె ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. కుక్కకు ముక్క ఎంత పెద్దదన్నది పట్టదు, ఎన్నిసార్లు ఇచ్చారన్నదే పడుతుంది. కాబట్టి ఒక్కో బిస్కెట్‌ను నాలుగు ముక్కలు చేసినా దానికి పండగే.

ప్రశ్న: మా అత్తమ్మ కుక్కకు నట్టలు పోతాయని అన్నంలో ఎల్లిగడ్డ దంచి కలుపుతుంది. ఊళ్లో ఎప్పటి నుంచో ఇట్లనే పెడుతున్నామంటుంది. నేను వద్దంటే నిన్నగాక మొన్న వచ్చినదానివి నాకు చెప్తున్నావా అంటుంది. ఎవరిది కరెక్ట్? – పాఠకురాలు, కరీంనగర్

మీదే కరెక్ట్, కానీ ఆ మాట ఆమెతో అలా అనకండి.

ఎల్లిగడ్డ, ఉల్లిగడ్డ, ఉల్లాకు, అన్నీ ఒకే కుటుంబం. వాటిలో ఉండే గంధకపు పదార్థాలు కుక్క రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి, కణాలు పగిలిపోయి రక్తహీనత వస్తుంది. వండితే విషం పోతుందనుకుంటారు, పోదు. పొడి రూపంలో అయితే ఇంకా చిక్కగా ఉంటుంది, కాబట్టి మసాలా పొడులు, చికెన్ మసాలా తగిలిన గ్రేవీ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఉల్లిగడ్డ విషయంలో కుక్క బరువులో 0.5 శాతం దాటితే ప్రమాదం అంటారు, అంటే 10 కిలోల కుక్కకు 50 గ్రాములు, మనం ఒక పూట కూరలో తరిగే చిన్న గడ్డ. ఎల్లిగడ్డ ఉల్లికన్నా ఘాటు కాబట్టి ఇంకా తక్కువే చాలు. ఇందులో మోసం ఏమిటంటే తిన్న రోజు కుక్క బాగానే ఉంటుంది, తోక ఊపుతూనే తిరుగుతుంది. నాలుగైదు రోజులకు నీరసం, చిగుళ్లు పాలిపోవడం, మూత్రం ఎర్రగానో గోధుమ రంగులోనో రావడం మొదలవుతాయి, అప్పటికి ఎల్లిగడ్డ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఊళ్లో కుక్కలకు ఏమీ కాలేదని అనిపించడానికి ఇదీ ఒక కారణమే, ఏ కుక్క దేనివల్ల పోయిందో అక్కడ లెక్క రాసినవాళ్లెవరు?

నట్టలకు బరువును బట్టి ఇచ్చే మాత్ర ఉంది, పశువుల దవాఖానలో అడగండి, పెద్ద ఖర్చేం కాదు. ఇక అత్తమ్మతో ఒక పని చేయండి, కుక్కకు అన్నం పెట్టే బాధ్యత ఆమెకే వదిలేసి, మాత్ర మాత్రం ఆమె చేతనే బెల్లం ముక్కలో పెట్టించి మింగించండి. మందు నేనే వేశానని వాడకట్టంతా ఆమే చెప్పుకుంటుంది, ఎల్లిగడ్డ ఊసు దానంతటదే పోతుంది.

ప్రశ్న: సంక్రాంతికి చేసిన సకినాలు, సర్వప్ప, మేడారం నుంచి తెచ్చిన బంగారం పెట్టొచ్చా? మా టామీ నోరూరుకుంటూ చూస్తుంది. – పాఠకుడు, ములుగు

చూస్తుంది, చూడటం దాని పని. సకినం ముక్క ఒకటి కింద పడితే తిననివ్వండి, బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఏమీ కాదు, కానీ ఉప్పూ నూనే ఎక్కువ కాబట్టి గిన్నెలో వేసి పెట్టేది కాదు. సర్వప్పలో ఉల్లిగడ్డో ఎల్లిగడ్డో పడుతుంది కాబట్టి వద్దే వద్దు. బంగారం, అదే అమ్మవార్ల బెల్లం, ప్రసాదంగా చిటికెడు పెడితే తప్పేం లేదు. అసలు భయపడాల్సింది పాయసంలోనూ శీరాలోనూ వేసే కిస్మిస్ గురించి. ద్రాక్ష, కిస్మిస్ కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తాయి, ఏ కుక్కకు ఎన్ని తింటే అవుతుందో ముందే చెప్పలేరు, అందుకే ఒక్కటి కూడా వద్దు. పొరపాటున తింటే వాంతులు మొదలయ్యేదాకా చూస్తూ కూర్చోకుండా వెంటనే డాక్టర్‌కు చూపించండి.

ప్రశ్న: ఆదివారం చికెన్ తెచ్చినప్పుడు కార్జం, బొక్కలు కుక్కకే పోతాయి. ఇదీ ఆరోగ్యమైన తిండే కదా? – పాఠకుడు, గోదావరిఖని

సగం ఆరోగ్యం. కార్జం మంచిది, కుక్కకు అంతకన్నా ఇష్టమైనది ఇంకోటి ఉండదు. వట్టి నీళ్లలో పది నిమిషాలు ఉడికించి, శనగ గింజంత ముక్కలు కోసి, పెనం మీద సన్న మంటన తడి ఆరేదాకా తిప్పండి. చల్లారాక ముక్క చేతికి అంటుకోకూడదు. షేక్ హ్యాండ్ నేర్పడానికి, పిలిస్తే వచ్చేలా చేయడానికి ఇవి బాగా పనికొస్తాయి. కానీ కార్జంలో విటమిన్ ‘ఎ’ ఎక్కువ, రోజూ పెడితే ఒంట్లో పేరుకుపోయి ఎముకలకు చేటు చేస్తుంది, కాబట్టి వారానికి రెండు రోజులు, అదీ కొన్ని ముక్కలే. ఉడికించిన నీళ్లు పారబోయకుండా పైన చెప్పిన తైద పిండిలో కలపండి, వాసనకే వంటింటి గడప దగ్గర కూర్చుంటుంది.

ఉడికిన కోడి బొక్కలు మాత్రం వద్దు. ఉడికితే అవి పెళుసెక్కి సూదుల్లా చీలతాయి, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. చికెన్ తోలు, కొవ్వు కూడా తీసేయండి. అంత కొవ్వు ఒక్కసారి పడితే కొన్ని కుక్కలకు క్లోమం వాచి, వాంతులతో నడుము వంచుకుని ముడుచుకుపోతాయి. ఆదివారం మధ్యాహ్నం దాకా బాగున్న కుక్క సోమవారానికి దవాఖానలో ఉండటానికి ఎక్కువసార్లు మన ప్రేమే కారణం.

నేను అందరికీ చెప్పేది ఒక్కటే. కుక్క కోసం వేరే వంట అక్కర్లేదు. మీరు చికెన్ కడిగాక, ఉప్పూ కారం అల్లం ఎల్లిగడ్డ పట్టించకముందే నాలుగు ముక్కలు పక్కన తీసి వేరేగా ఉడికించండి. గుమ్మడికాయ, క్యారెట్, బీన్స్, కందగడ్డ (అదే చిలగడదుంప), పోపు పడకముందు ఇవన్నీ దాని తిండే, పోపు పడ్డాక మన తిండి.

ప్రశ్న: మక్కబుట్టలు కాల్చుకుని తిన్నాక బెండు కుక్కకు వేస్తాం, చాలాసేపు కొరుకుతూ కూర్చుంటుంది. మక్క పిండితో బిస్కెట్లు కూడా చేయొచ్చా? – పాఠకుడు, పెద్దపల్లి

మక్క గింజలు వలిచి పెట్టండి, బెండు వేయకండి. కొరికినంతసేపు బాగానే ఉంటుంది, చివర్లో ముక్కగా మింగేస్తుంది. అది అరగదు, పేగులో బిరడా పడ్డట్టు ఇరుక్కుంటుంది, ఆపరేషన్ తప్ప దారి ఉండదు. మామిడి టెంకలదీ ఇదే కథ.

మక్క పిండి బిస్కెట్లు చేయొచ్చు, కానీ ఇంట్లో మనుషులకు పనికిరాక పక్కన పెట్టిన పాత మక్కలు, నల్లబడ్డ పల్లీలు కుక్క కోసం పట్టించకండి. తడి తగిలి బూజు పట్టిన మక్కల్లో, పల్లీల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, వేయించినా కాల్చినా పూర్తిగా పోదు, కుక్కల కాలేయం దాన్ని అస్సలు తట్టుకోలేదు. మీరు తినే పిండైతేనే దానికీ పెట్టండి.

ప్రశ్న: ఎండాకాలం ఐస్‌క్రీమ్ పెట్టొచ్చా? – పాఠకురాలు, మంచిర్యాల

వద్దు. ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలు సరిగా అరగవు, పైగా అందులో చక్కెర, ఇక చాక్లెట్ ఉంటే అది ఏకంగా విషం. పెరుగు పాలకన్నా తేలిగ్గా అరుగుతుంది. ఉప్పు వేయని పలచటి పెరుగులో గింజలు తీసిన పుచ్చకాయ ముక్కలు కలిపి ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించండి, మధ్యాహ్నం ఒకటి చాలు. మొదటిసారి సగమే పెట్టి, మర్నాడు విరేచనం ఎలా ఉందో చూడండి.

ప్రశ్న: అక్కా, నేను పదో తరగతి. మా గల్లీలో నాలుగు కుక్కలున్నాయి, వాటికి బిస్కెట్లు చేసి పెడదామనుకుంటున్నా. – పాఠకుడు, కాజీపేట

తమ్ముడూ, మంచి ఆలోచనే కానీ వాటికి కావాల్సింది బిస్కెట్ కాదు, కడుపు నిండా తిండి. అన్నం మెత్తగా ఉడికించి అందులో రెండు ఉడికిన గుడ్లు, కొంచెం క్యారెట్ మెదిపి కలిపితే నీ బిస్కెట్ల ఖర్చులోనే నాలుగూ తింటాయి. రోజూ ఒకే టైముకు, ఎవరి గేటూ కాకుండా, పిల్లలు ఆడుకోని మూలన పెట్టు, తిన్నాక ఆకులో విస్తరో తీసి పారేయి, లేదంటే గల్లీవాళ్లు నీతోనే గొడవ పడతారు. పక్కన ఒక తొట్టిలో నీళ్లు పెట్టు. చేత్తో నోటికి అందించకు. కరిచినా, పన్ను గీరినా, చిన్నదే కదా అని దాచిపెట్టకుండా సబ్బు పెట్టి పావుగంట నీళ్ల కింద కడిగి, అదే రోజు రేబిస్ టీకాకు వెళ్లు, ముందు ఇంట్లో చెప్పు. మీ దగ్గర మామునూరులో పశువైద్య కళాశాల ఉంది కదా, ఈ నాలుగింటికీ టీకాలు వేయించాలంటే ఏం చేయాలో పెద్దవాళ్లెవరినైనా వెంటబెట్టుకుని వెళ్లి అక్కడ అడుగు.