పాస్‌వర్డ్ ఇవ్వనంటున్నాడు, సైటు ఎవరిది?

ప్రశ్న: మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. తెలుగు అయ్యవారిగా రిటైరయ్యాను. చుట్టుపక్కల ఊళ్ల పేర్ల కథలు, పాత పాటలు సేకరించి పెట్టడానికి 2022లో తిరుపతి కుర్రాడొకరి చేత వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌లో నా పేరుతో వెబ్‌సైటు చేయించాను. 18 వేలిచ్చాను. ఏటా రెన్యూవల్‌కని 3 వేలు పంపుతున్నాను. రాతపూర్వకంగా ఏమీ లేదు. సైటు ఫోన్లో సరిగా కనబడటం లేదు, థీమ్ (సైటు రూపం) మార్చుకుంటాను, అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వమంటే "డిజైన్ కాపీరైట్ నాది, ఇంకో 25 వేలు ఇస్తేనే" అంటున్నాడు. నా దగ్గర రాతలు దిద్దుకునే ఎడిటర్ లాగిన్ మాత్రమే ఉంది. మా మేనల్లుడు హోస్టింగ్‌లోకి (సైటు ఫైళ్లు ఉండే సర్వర్ ఖాతాలోకి) వెళ్లి పాస్‌వర్డ్ మార్చేస్తానంటున్నాడు. చెయ్యనివ్వొచ్చా?

జవాబు: అయ్యవారూ, ముందు మీ మేనల్లుణ్ణి ఆపండి. హోస్టింగ్ ఖాతా మీ పేరున, మీ ఈమెయిల్‌తో ఉంటే పాస్‌వర్డ్ మార్చుకోవడం మీ ఇష్టం. అది ఆ కుర్రాడి ఖాతా అయితే, అతని అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ కిందకు వస్తుంది. దురుద్దేశంతో చేశారని తేలితే 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇప్పుడు తప్పు అతని వైపుంది. దాన్ని మీ ఇంటికి తెచ్చుకోకండి.

ఇక కాపీరైట్ మాట. అతను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. డబ్బిచ్చి చేయించుకున్నాం కాబట్టి మనదే అనుకుంటాం. కాపీరైట్ చట్టం 1957, 17వ సెక్షన్ అలా చెప్పదు. జీతగాడు ఉద్యోగంలో భాగంగా చేసిన పని యజమానిది. బయటివాడికి డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో, వేయించుకున్న చిత్రపటం లాంటివి మనవి. సాఫ్ట్‌వేర్ ఆ జాబితాలో లేదు. 19వ సెక్షన్ ప్రకారం హక్కు చేతులు మారాలంటే సంతకంతో కాగితం ఉండాలి. మీ దగ్గర అది లేదు.

కానీ అందులో అతను సొంతంగా రాసిందెంత? వర్డ్‌ప్రెస్ 2003 నుంచి జీపీఎల్ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతోంది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. వర్డ్‌ప్రెస్ సొంత డైరెక్టరీలోని థీమ్‌లకూ అలాంటి లైసెన్సే. రంగులు మార్చి, మీ ఫొటో అతికించినంత మాత్రాన థీమ్ అతని సొత్తు అయిపోదు. నిజంగా కొంత కోడు రాశాడనుకుందాం. దాన్ని ఇచ్చిన పనికి వాడుకోవడానికి, బ్యాకప్ తీసుకోవడానికి 52వ సెక్షన్ మీకు వీలిస్తుంది. అసలు మీరు ఆ డిజైన్ వద్దనే కదా అంటున్నారు! వదిలేసే చొక్కా ఎవరు కుట్టారన్న గొడవ ఎందుకు?

మీ రాతలు మాత్రం నిస్సందేహంగా మీవే. ఒక చిన్న జాగ్రత్త: జానపద పాట ఎవరి సొత్తూ కాకపోయినా, ఏ అవ్వ చేతైనా పాడించి మీరు రికార్డు చేసి ఉంటే, ఆమెకు గాయనిగా హక్కు ఉంటుంది. ఆమె ఒప్పుకున్నట్టు ఒక వేలిముద్రో సంతకమో తీసుకోండి.

అసలు ముడి డొమైన్‌లో, అంటే సైటు చిరునామా పేరులో ఉంది. భూమికి పాస్‌బుక్కులో ఎవరి పేరుందో చూసినట్టే, హూఈజ్ అనే ఆన్‌లైన్ రికార్డులో రిజిస్ట్రెంట్ (డొమైన్ ఎవరి పేరున ఉందో ఆ మనిషి) ఎవరో, గడువు ఎప్పుడు తీరుతుందో ఈరోజే చూడండి. పేరు దాచి ఉంటే రెన్యూవల్ ఇన్‌వాయిస్ అడగండి. అది అతని పేరునే ఉంటే లాక్ తీసి, ట్రాన్స్‌ఫర్ కోడ్ ఇవ్వాల్సింది అతనే. ఏటా మీరు పంపిన 3 వేలు ఆ పేరు మీ కోసమే కొన్నాడని చెప్పే గట్టి సాక్ష్యం. యూపీఐ వివరాలు, వాట్సాప్ మెసేజీలు చెరపకండి. ఫోను కూడా మార్చకండి. వాటిని కోర్టులో పెట్టాలంటే సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. మామూలుగా ఎడిటర్ లాగిన్‌తో రాతలన్నీ ఒకేసారి దింపుకునే ఎక్స్‌పోర్ట్ రాదు కాబట్టి ప్రతి పేజీనీ పీడీఎఫ్‌గా దాచుకోండి. విసుగు పనే, అయినా నోటీసు వెళ్లేలోపే చెయ్యండి.

తర్వాత స్పీడ్ పోస్టులో నోటీసు: అడ్మిన్ లాగిన్, డేటాబేస్ బ్యాకప్, డొమైన్ బదిలీ, 15 రోజుల గడువు. కదలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవాలోపం అని ఫిర్యాదు చేయొచ్చు. మీది వ్యాపార సైటు కాదు కాబట్టి, వ్యాపారం కోసం చేయించుకున్నవారికి ఉండే అడ్డంకి మీకు లేదు. తిరుపతి వెళ్లక్కర్లేదు, మీరు ఉండే చోట, చిత్తూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. అంతకుముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి. పోలీసు స్టేషన్‌కు ఇప్పుడే వద్దు, సివిల్ గొడవ అని పంపేస్తారు.

25 వేలు ఇవ్వకండి. బదిలీ పనికని రెండు మూడు వేలు అడిగితే మాత్రం ఇచ్చేయండి, వాయిదాలకు తిరిగే ఆటో చార్జీలే అంతవుతాయి. ఆ డబ్బు ఇచ్చేటప్పుడు అతని సంతకంతో కాగితం తీసుకోండి. కోడు హక్కులు మీకు ఇస్తున్నట్టు, "కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటా" అని అందులో రాయించండి. కాలం రాయకపోతే చట్టం ఐదేళ్లనే లెక్కేస్తుంది, చోటు రాయకపోతే భారతదేశం వరకే.